పెట్టె మాస్టారి కొత్త సెంటు

ఎవరికండీ అని అడిగింది సెంట్ల కొట్టులో అమ్మాయి, నాకే అన్నారు మాస్టారు, అన్నాక ఆ మాట ఆయనకే ఎబ్బెట్టుగా వినిపించింది. యాభై దాటిన మనిషి, వేళ్ళనిండా పేముబద్దలు కోసిన గీతలు, భుజాన గుడ్డసంచి, చెమటలు కక్కుతూ అద్దాల తలుపు తోసుకుని వచ్చి నాకే అంటే ఆ పిల్ల ఏమనుకుంటుందో, ఏమీ అనుకోలేదు పాపం, ఈ రోజుల్లో అందరూ వాడుతున్నారండీ అంది, అడగని ఓదార్పు ఒకటి. ఆఫీసుకా, ఫంక్షన్లకా? పిల్లల కోసమమ్మా. పిల్లలవి అటువైపండీ. కాదమ్మా, వేసుకునేది నేనే, వేసుకోవలసింది పిల్లల కోసం. ఆ అమ్మాయి కళ్ళు రెండుసార్లు ఆర్పి, ఈ బేరం తన తెలివికి అందేది కాదని తేల్చుకుని, చలి వెళ్ళిపోయింది కదండీ, ఇప్పుడు మగవాళ్ళకి తేలికవి బాగుంటాయి, చూపిస్తానుండండి అంటూ సీసాల వైపు తిరిగింది. తేలిక. నిన్న సాయంత్రం పెద్దమ్మ కూడా అదే మాట అన్నారు.

పెద్దమ్మంటే చుట్టరికం కాదు, బడికి పెద్ద. చూపులేని పిల్లల బడి అది, చదువూ తిండీ నిద్రా అన్నీ అక్కడే, మాస్టారు వాళ్ళకి కుర్చీలు అల్లడం నేర్పుతారు. మీరేమీ అనుకోనంటే ఒక మాట మాస్టారూ, ఆ చిన్నదానికి మీ వాసన పడ్డంలేదు, మీరు దగ్గరికొస్తే తల తిరుగుతోందంటోంది, కిటికీలు తెరుచుకునే కాలం వచ్చింది కదా, కాస్త తేలికది ఏదైనా చూసుకోండి, అన్నారు పెద్దమ్మ, అంటూ బల్ల మీది కాయితాలు సర్దారు, ఆవిడకీ కష్టంగానే ఉంది. మానేయమంటే మానేస్తానండీ అన్నారీయన. భలేవారే, మీకు తెలీనిదా, అసలు లేకపోతే ఎలా కుదురుతుంది? నిజమే, కుదరదు. ఆ బడిలో చేరిన రోజునే ఎవరికైనా చెబుతారు, సబ్బో తలనూనో సెంటో, ఏదో ఒకటి పట్టుకోండి, పట్టుకున్నాక మార్చకండి. చూపున్న పిల్లలకి మొహం ఎలాగో ఇక్కడి పిల్లలకి వాసన అలాగ, రోజుకో మొహం తగిలించుకొచ్చే మనిషిని ఏ పిల్లలు మాత్రం నమ్ముతారు. అందుకే లెక్కలు చెప్పే ఆవిడ లవంగం టీచరు, గేటు దగ్గర కాపలా ఉండేది పొగాకు తాతయ్య, పెద్దమ్మ ఆవిడ చాటున పౌడరు పెద్దమ్మ. ఈయన పెట్టె మాస్టారు. దుప్పట్లు దాచిన పాత చెక్కపెట్టె మూత తీస్తే గుప్పుమనే వాసన ఈయన సెంటుది, ఏ పిల్ల పెట్టిందో ఆ పేరు, పెట్టిన పిల్ల పెద్దదై వెళ్ళిపోయింది, పేరు మాత్రం బ్యాచి తర్వాత బ్యాచికి అందుతూ వచ్చింది. అసలు పేరు జీతం రోజున తప్ప ఆయనకే గుర్తుకు రాదు.

ఇది చూడండి అంటూ అమ్మాయి సన్నటి అట్టముక్క మీద చిమ్మి ముక్కు ముందు ఆడించింది. కమలాపండు తొక్క. మొదట తీపి, వెనకాలే చేదు. కాయితం మీద ఏం తెలుస్తుందమ్మా, కాయితం మీద అన్నీ కాయితంలాగే ఉంటాయి, చేతి మీద వెయ్యి అని ఎడమ మణికట్టు చాపారు, చల్లగా తగిలింది, తగలగానే ఎక్కడినించి ఊడిపడిందో అక్క, పండు ఒలిచి తొనలన్నీ తమ్ముడికే ఇచ్చి తొక్క మాత్రం తన దగ్గర ఉంచుకునేది, ఎంత మంచి అక్కో అనుకునేలోపు ఆ తొక్క తెచ్చి కళ్ళల్లో పిండేది, కళ్ళు మండి ఇల్లు ఎగిరిపోయేలా ఏడిస్తే పరిగెత్తుకొచ్చి ఊదేది కూడా తనే. కళ్ళు గట్టిగా మూసుకున్నా అక్క ఎటు ఉందో తెలిసేది, కమలాపండు ఎటుంటే అక్క అటు. బడిలో చేరకముందే ఆ పాఠం తనకి చెప్పేసింది. ఇప్పుడు అక్క ఎక్కడో మనవల మధ్య ఉంది, ఫోను చేస్తే ముందు ఎవరూ అంటుంది, నేనే అనాలి, నేనే అంటే ఏ నేనే అంటుంది. బాగుందమ్మా, ఇది ఉండనీ, ఇంకోటి చూపించు.

ఇవాళ పొద్దున పాత సెంటు సీసా సంచిలోనే ఉంది, వేసుకోలేదు. పెద్దమ్మ చెప్పాక వేసుకోవడానికి చెయ్యి రాలేదు. పొగాకు తాతయ్యకి చూపుంది కనక నమస్కారం పెట్టాడు. వరండా దాటి కుర్చీల గది గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల పని మొదలైపోయింది, తొట్టెలో పేము నానుతోంది, చట్రాల మీద వేళ్ళు కన్నాలు వెతుక్కుంటున్నాయి, పిల్లలు చీలలు బిగిస్తున్న చప్పుడు. రోజూ అయితే ఆయన గుమ్మం తొక్కకముందే పెట్టె మాస్టారొచ్చారు అని ఎవరో ఒకరు అనేవారు, ఆ మాటతోనే ఆయనకి తెల్లారేది, ఇంట్లో లేవడం, పళ్ళు తోముకోవడం, తాళం వేయడం, అవన్నీ తెల్లారడం కింద లెక్క కాదు. ఇవాళ ఎవరూ అనలేదు. ఏ చెయ్యీ ఆగలేదు. తను లేనప్పుడు ఆ గది ఎలా ఉంటుందో ఆయనకి ఎన్నడూ తెలియదు, ఎలా తెలుస్తుంది, తను ఉంటేనే కదా చూసేది, ఇవాళ తను ఉండి కూడా చూశారు, బాగానే ఉంది, హాయిగా సాగిపోతోంది. ఒక్క దగ్గు దగ్గితే సరిపోయేది. దగ్గాలి కూడా, అదీ అక్కడి నియమమే, పిల్లలకి వాసన తెలియనంత జలుబు చేసిన రోజుల్లో పెద్దలు గుమ్మంలో దగ్గుతారు, దగ్గకుండా నిలబడితే దొంగతనంతో సమానం. ఆయన దగ్గలేదు. అప్పుడే ఆ చిన్నది నోరు తెరిచింది, ముక్కమ్మ అని పిలుస్తారు దాన్ని, వచ్చి రెండు నెలలన్నా కాలేదు, బడి మొత్తానికి అంత వాడి ముక్కు ఇంకొకటి లేదు. ఇవాళ పెట్టె మాస్టారు రాలేదా, అంది. ఇక రారేమోనే, అంది లీడరు, లీడరంటే అందరికంటే పెద్దపిల్ల, వేళ్ళతో కన్నాలు లెక్కపెట్టుకుంటూ పరధ్యానంగా అంది, నీకు పడదని పెద్దమ్మ ఆయన్ని వద్దన్నారట. నేను పడదన్లేదు, తల తిరుగుతుందన్నాను. రెండూ ఒకటే. ఒకటి కాదు! చేతిలో పేము ఒక చుట్టు తిప్పింది ముక్కమ్మ. అయితే మాస్టారు మానేస్తే అది నా వల్లేనా అక్కా? మరి నా వల్లా, అంది లీడరు. అది మనసులో ఏమీ పెట్టుకుని అనలేదు, లెక్క తప్పుతుందని విసుక్కుందంతే. ముక్కమ్మ చేతిలో పేము చుట్ట కిందికి జారింది, అది తీసుకోలేదు. మాస్టారు, ఇప్పుడు దగ్గితే విన్నట్టవుతుంది, మాట్లాడితే బెదిరిపోతారు, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెనక్కి జరిగి, పేము కొనుక్కురావాలని పెద్దమ్మతో అబద్ధమాడి, ఇదిగో, ఈ అద్దాల కొట్టు. మధ్యాహ్నం పిల్లలు భోజనాల నించి కుర్చీల గదికి తిరిగొచ్చేసరికి తను ఎవరో ఒకరు అయిపోవాలి, ఆ పిల్ల ఊపిరికి అడ్డం రాని మనిషి, అయినా వచ్చాడని తెలిసే మనిషి.

కుడి మణికట్టు మీద కోసిన గడ్డి పడింది. ఎడమ మోచేతి వంపులో టీ ఆకు, పాలు పొయ్యని టీ. మధ్యమధ్య కాఫీ గింజలున్న గిన్నె ముక్కు దగ్గర పెట్టింది ఆ అమ్మాయి, ముక్కు తేరుకోవడానికట, ముక్కుకి తేరుకునే మందు ఉంది, మంచిదే. ఇన్నాళ్ళూ ఏది వాడారండీ అంటే సంచిలోంచి సీసా తీసిచ్చారు. అడుగున పలచగా మిగిలింది. అమ్మాయి అట్టముక్క మీద ఒక్కసారి చిమ్మి వాసన చూసి, అబ్బో, బరువైందండీ, ఇది బాగా చలిలో వేసుకునేది, అంది, మా తాతగారు గుర్తొచ్చారు అని కూడా అంది, మెచ్చుకోలే అయ్యుంటుంది. ఆ అట్టముక్క చెత్తబుట్టలో పడెయ్యబోతుంటే ఇలా ఇవ్వమ్మా అని తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నారు, ఎందుకో ఆయనకే తెలియదు. ఎండాకాలం, చలికాలం చూసుకుని మార్చుకోవాలండీ, ఒకటే ఎవరు వాడతారు? మేమమ్మా, అన్నారు మాస్టారు, మేము వాడతాం.

బరువుదనం సంగతి ఆయనకేం తెలుసు, అది ఎంచుకున్నది తను అయితే కదా. ఉద్యోగం వచ్చిందని చెప్పగానే, వాసన ఒకటి కావాలట అని నవ్వుతూ చెప్పగానే, ఇంటావిడే చెయ్యి పట్టుకుని కొట్టుకి లాక్కెళ్ళింది, పది సీసాలు మూతలు తీయించి, కొట్టువాడి సహనం పరీక్షించి, చివరికి ఇది మెడ మీద రాసి, అడుగు వెనక్కి వేసి చూసింది, వాసనని చూసిందంటే ఎవరూ నమ్మరు కానీ చూసింది. ఇది వేసుకుంటే కాస్త నమ్మదగ్గ మనిషిలా ఉన్నారు అంది. ఇన్నాళ్ళూ లేనా? ఇన్నాళ్ళూ నేను నమ్మాను కదా, చాలదూ? అప్పుడు చాలింది. తర్వాత్తర్వాత పిల్లలకి చాలకుండా పోయింది ఆయన టైము, సెలవలకి ఇంటికి వెళ్ళని పిల్లలుంటారు, జ్వరాలొస్తాయి, ఆర్డరిచ్చిన కుర్చీలు అందించాలి, ఒకటి కాకపోతే ఒకటి. ఒకరోజు ఆవిడ దిండు గలేబు మారుస్తూ, అరవకుండా, మామూలుగా అంది, ఇంట్లో మీ వాసనుంటుంది, మీరుండరు, వాసనతో ఎన్నాళ్ళు కాపరం చెయ్యమంటారు. చెల్లెలి ఇంటికి వెళ్ళింది, నాలుగు రోజులుండి వస్తానని. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. ఇప్పటికీ ఫోను చేస్తుంది, తిన్నారా అంటుంది, తలుపు గడియ బాగుచేయించారా అంటుంది, రానా అని అడగదు, రావే అని ఈయన అనరు, మర్యాదస్థులు ఇద్దరూ. సీసా అయిపోయినప్పుడల్లా అదే మళ్ళీ కొన్నారు. నియమం కదా అని చెప్పుకునేవారు, సగం అదే నిజం.

కుడి మోచేతి వంపులో వేసింది మాత్రం ఆయన్ని ఇబ్బందిలో పెట్టింది. నీళ్ళు, సబ్బు, తడిసిన నున్నటి గోడ. ఇది బాగా అమ్ముడవుతుందండీ, అప్పుడే స్నానం చేసినట్టుంటుంది అంది అమ్మాయి, ఆయన చెయ్యి ముక్కు దగ్గరికి తీసుకుని తిరిగి దించడం మర్చిపోయారు. స్నానాల గది తలుపు తెరుచుకుంటే ఆవిరి ముందు వచ్చేది, ఆవిడ వెనక వచ్చేది, తడిజుట్టు ముడేసుకుంటూ, అద్దం మీద ఆవిరిని అరచేత్తో తుడిచి అందులో తన మొహం కాకుండా వెనక మంచం మీద చెప్పులు తొడుక్కుంటున్న ఈయన మొహం చూసేది, అప్పుడే వెళ్ళాలా అనేది, అప్పుడే వచ్చేస్తాగా అనేవారు ఈయన. ఇప్పుడు ఆ గదిలో ఆయన స్నానం చేసి వస్తే అద్దం మీద ఆవిరి దానంతట అదే పోతుంది. ఒంటరిగా ఉంది ఆయనకి. ఈ మాట ఎవరితోనూ అనలేదు, అనడానికి ఎవరో ఒకరు ఉంటే ఆ మాట అబద్ధమైపోతుంది కదా, అదీ చిక్కు. వారానికోసారి, బడి సెలవురోజున, హోటలుకి వెళతారు, సర్వరు ఎంతమందండీ అంటాడు, ఎప్పుడూ చూసే మొహమే, అయినా అడుగుతాడు, ఒక్కణ్ణే అంటారు ఈయన, అని ఓసారి వెనక్కి చూసుకుంటారు, ఎవరో వెంట వస్తున్నట్టు. నలుగురి బల్ల దగ్గర కూర్చోబెట్టి మిగతా మూడు కుర్చీలూ పక్కబల్లకి లాగేస్తాడు సర్వరు, కాళ్ళు నేల మీద కీచుమంటాయి, ఆ చప్పుడు వినడం కంటే ఆకలితో పడుకోవడం నయమనిపించిన రోజులున్నాయి. కుర్చీలు అల్లుకుంటూ బతికే మనిషి కుర్చీలకి భయపడ్డం ఏమిటని తనని తనే వెక్కిరించుకున్నారు కూడా.

ఆఖరుది తెల్లపువ్వు, ఎడమ చెయ్యి వెనకవైపు, ఇక చేతుల వెనక తప్ప ఖాళీ లేదు. ఏ పువ్వో చెప్పింది, ఆయన వినలేదు. దానికి ఏ జ్ఞాపకమూ రాలేదు, ఎంత లాగి పీల్చినా ఎవరూ రాలేదు, ఏ గదీ రాలేదు, అది మిగతా అన్నిటికంటే హాయిగానూ ఉంది, భయంగానూ ఉంది. ఇది వేసుకుంటే తను ఎవరూ కాదు. తీరిగ్గా, ఇన్నిటిలో మీకేది ఇష్టమండీ అని అడిగింది అమ్మాయి. మాస్టారు చేతులు రెండూ బల్ల మీద పెట్టి, పరీక్షలో తెలియని ప్రశ్న వచ్చిన పిల్లాడిలా వాటికేసి చూశారు. అక్క ఒక చేతి మీద ఉంది, ఆవిడ ఒక చేతి మీద ఉంది, బడి తోటలో గడ్డి కోసిన రోజు, స్టాఫ్ రూములో చల్లారిపోయిన టీ, అందరూ ఉన్నారు. తనకేది ఇష్టమో ఆ చేతుల మీద ఎక్కడా లేదు. నాకు తెలీదమ్మా అన్నారు. నవ్వలేదు ఆ అమ్మాయి. పోనీ ఇప్పుడే కొనొద్దండీ, ఒంటి మీద కాసేపు ఉండనివ్వండి, ఏది మీకు అతుకుతుందో తర్వాత తెలుస్తుంది, ఎవరికైనా చూపించండి, అంది. ఆంటీకి చూపించండి అనబోయి, ఆయన మొహం చూసి అక్కడ ఆపింది, తెలివైన పిల్ల. చూపించవలసిన మనిషి ఒకరున్నారమ్మా, అన్నారు మాస్టారు, ఇంతే ఉంటుంది, అని గాలిలో చెయ్యి నడుం దాకా పెట్టి చూపించారు.

దారి పొడుగునా చేతులు ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని నడిచారు, సున్నం పని చేసి వచ్చేవాళ్ళలాగా. ఎదురొచ్చినవాళ్ళు చూశారు, చూడనీ. కిటికీ పక్కన, దూరంగా నిలబడాలి, ఒక్కో చెయ్యీ విడివిడిగా చాపాలి, దానికి తల తిరుగుతుందేమో అడగాలి, ఏది పడితే అదే ఖాయం, ఇక చచ్చేదాకా అదే. కానీ ముందు గుమ్మంలోనే నేనేనర్రా అనేయాలి. అనాలా? అనకపోతే ఏమవుతుంది, ఒక్క క్షణం, వాళ్ళంతట వాళ్ళు తెలుసుకుంటారేమో. నడకలో తెలియదూ? ఊపిరిలో తెలియదూ? ఇన్నేళ్ళ మనిషిలో సెంటు తీసేస్తే ఏమీ మిగలదా? ఆ ప్రశ్న అడగకూడదని తెలుసు, అడిగితే జవాబు వస్తుంది. వరండా చివర బూట్లు విప్పి, గుమ్మంలో అడుగు పెట్టి నోరు తెరిచారు.

ఆయన నోట మాట రాకముందే లీడరు చట్రం మీద చేతులు ఆపి తలెత్తింది. "ఎవరో వచ్చారు, లేవండి" అంది.

కుర్చీల గదంతా లేచి నిలబడింది. "నమస్కారమండీ" అన్నారు పిల్లలు, అందరూ ఒకే గొంతుతో, చూడ్డానికి వచ్చే పెద్దమనుషులకి చెప్పే గొంతు అది, నవ్వు మొహాలు, చేతులు జోడించి, తల కొంచెం వంచి. ఆ నమస్కారం నేర్పింది మాస్టారే. మిగతావాళ్ళకి పెట్టేటప్పుడు పక్కన నిలబడి గర్వంగా వినేవారు, ఎదురుగా నిలబడితే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. తన ఇంటికే వెళ్ళి తలుపు తడితే ఎవరు కావాలండీ అన్నట్టు ఉంది. అలవాటుకొద్దీ తనూ తిరిగి నమస్కారం పెట్టారు.

"చాలామంది వచ్చినట్టున్నారు" అంది లీడరు, గొంతు తగ్గించి, అతిథులకి వినబడదనుకుంటూ. "ఎంతమందే ముక్కమ్మా? కుర్చీలు వెయ్యాలి."

ముక్కమ్మ మూల నించి ముందుకొచ్చింది, మొహం పైకెత్తి, ఒక్కొక్కళ్ళనీ పలకరిస్తున్నట్టు గాలి పీల్చింది. "ఒకాయన కమలాపండు తినొచ్చారు. ఒకాయన గడ్డిలో నడిచొచ్చారు. ఒకాయన టీ తాగారు. పువ్వు పెట్టుకున్నారొకళ్ళు, ఆవిడేమో." ఆగింది. ఇంకో అడుగు ముందుకు వేసింది. "ఇంకొకాయన స్నానం చేసొచ్చారు. ఆయన మంచాయన. ఆయన దగ్గర తల తిరగట్లేదు."

"అయిదుగురు" అంది లీడరు. "అయిదు కుర్చీలు వెయ్యండర్రా."

గోడవారగా ఉన్న కుర్చీలు కదిలాయి, పిల్లలు తామే అల్లిన కుర్చీలు, కాళ్ళు నేల మీద కీచుమంటూ ఒకటి, మరొకటి, మరొకటి ఆయన ముందుకి వస్తున్నాయి.

"ఆరు" అంది ముక్కమ్మ.

"అయిదుగుర్నే చెప్పావు."

"అయిదుగురే. వెనకాల పెట్టె మాస్టారు కూడా ఉన్నారు." అది చూపులేని కళ్ళతో సరిగ్గా ఆయన చొక్కా జేబుకేసి చూస్తూ నవ్వింది. "మానెయ్యలేదక్కా. వీళ్ళందర్నీ తీసుకురావడానికి వెళ్ళారు. మాట్లాడట్లేదు గానీ ఉన్నారు."

మాస్టారు జేబు మీద చెయ్యి వేసుకున్నారు, అందులో పాత సెంటు చిమ్మిన అట్టముక్క ఉంది. కళ్ళు మండాయి, కమలాతొక్క పిండినట్టు. లీడరు కుర్చీ ఒకటి పట్టుకుని గుమ్మం వైపు తిరిగింది, ఇప్పుడు దాని గొంతు అతిథులతో మాట్లాడే గొంతు కాదు, పొద్దున కన్నాలు లెక్కపెట్టుకున్న గొంతే. "మాస్టారూ, ఆరు కుర్చీలు లేవండీ, రెండింటికి సీటు అల్లడం ఇంకా అవలేదు. ఎన్ని వెయ్యమంటారు?"

"ఒక్కటి చాలమ్మా" అన్నారు మాస్టారు. "వచ్చింది నేనొక్కణ్ణే."